తిండిగింజలు అందరికీ సరిపోతున్నా ఆకలి ఎందుకు పోవడం లేదు? విదేశీ సాయం వల్ల జరిగిందేమిటి?

ప్రశ్న: గాజువాక సోషల్ టీచర్

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నం గాజువాకలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. అక్టోబరు 16న ప్రపంచ ఆహార దినోత్సవానికి మా బడిలో వక్తృత్వ పోటీ పెడుతున్నాం. "ఆకలి నిర్మూలనలో విదేశీ సాయం పాత్ర" అన్నది నేను ఇచ్చిన అంశం. తొమ్మిదో తరగతిలో దాన్ని వివరిస్తుండగా, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి నిలబడింది. వాళ్ళ నాన్న లారీ నడుపుతారు, మిల్లుల నుంచి కాకినాడ రేవుకు బియ్యం బస్తాలు తోలుతారు. "అన్ని ఓడల్లో బియ్యం బయటి దేశాలకు పోతుంటే సూడాన్‌లో పిల్లలు తిండి లేక ఎందుకు చనిపోతున్నారు టీచర్? బియ్యం చాలడం లేదా, ఎవరూ పంపడం లేదా?" అని అడిగింది.

నాకు తెలిసినంతలో నల్లబల్ల మీద ఒక లెక్క వేసి చూపించాను. ప్రపంచంలో ఏటా పండే వరి, గోధుమ, మొక్కజొన్న, తక్కిన ధాన్యాలన్నీ కలిపితే 280 కోట్ల టన్నులకు పైమాటే. జనాభా సుమారు 820 కోట్లు. భాగిస్తే తలకు ఏడాదికి 340 కిలోలు, అంటే రోజుకు 900 గ్రాములకు పైగా వస్తుంది. పసిబిడ్డ మొదలు పండుముసలి దాకా అందరికీ ఇదే వాటా. తమ ఇంట్లో నలుగురైదుగురికి కలిపి రోజంతటికీ కిలో, కిలోన్నర బియ్యం వండుతారని పిల్లలే చెప్పి, బల్ల మీది అంకెను చూసి ఆశ్చర్యపోయారు. పప్పులు, దుంపలు, పాలు, చేపలు ఈ లెక్కలో లేనే లేవు. అయినా ఐక్యరాజ్యసమితి సంస్థలు 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2024లో 67 కోట్ల 30 లక్షల మంది ఆకలితో ఉన్నారు. పోషకాలున్న తిండిని కొనుక్కునే స్తోమత లేనివారు 260 కోట్ల మంది.

లెక్క తేలింది గానీ ఆ అమ్మాయి ప్రశ్న తేలలేదు. ఈ గింజలన్నీ ఎక్కడికి పోతున్నాయో, ఒకప్పుడు అమెరికా గోధుమలు తిని బతికామని పెద్దలు చెప్పే మాటలో నిజమెంతో, ఇప్పుడు అమెరికా తన సాయపు సంస్థనే మూసివేసిన తరువాత పేద దేశాల గతి ఏమిటో తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి. పద్నాలుగేళ్ళ పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలగాలన్నదే నా కోరిక.

జవాబు: బియ్యం లెక్కలు, ఎంవీపీ కాలనీ

టీచరు గారికి నమస్కారం. బియ్యం ఎగుమతి చేసే ఒక సంస్థలో నేను పదహారేళ్ళుగా లెక్కలు చూస్తున్నాను. అందువల్ల మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న నా రోజువారీ పనికి సంబంధించినదే.

మీరు వేసిన 900 గ్రాముల లెక్క సరైనదే, కానీ అందులో పెద్ద భాగం మనిషి కంచంలోకి రాదు. ప్రపంచ ధాన్యంలో మూడో వంతుకు పైగా పశువులకు, కోళ్ళకు, పందులకు దాణాగా పోతుంది. అమెరికాలో పండే మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా ఇథనాల్‌గా మారి వాహనాల ట్యాంకుల్లో పడుతోంది. మన దేశంలోనూ 2024-25లో ఇథనాల్ కోసం 52 లక్షల టన్నుల ప్రభుత్వ బియ్యాన్ని కేటాయించారు. ఇక ఇళ్ళలో, హోటళ్ళలో, దుకాణాల్లో వృథా అయిన ఆహారం 2022లో 105 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క కట్టింది. ఇవన్నీ తీసేసినా మిగిలినది అందరికీ సరిపోతుంది. అయితే గింజకు ఆకలి ఎక్కడుందో తెలియదు, ధర ఎక్కడ పలుకుతుందో తెలుసు. మా వ్యాపారమంతా దాని మీదే నడుస్తుంది, నేను దాన్ని దాచిపెట్టి చెప్పదలచుకోలేదు.

కాకినాడ నుంచి వెళ్ళే బియ్యంలో ఎక్కువ భాగం పశ్చిమ ఆఫ్రికాకు పోతుంది. బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్, సెనెగల్ దేశాలలో ఫ్రెంచి చదువుతారు గనుక మా బస్తాల మీద అచ్చు కూడా ఫ్రెంచిలోనే ఉంటుంది. ఇది దానం కాదు, అక్కడి వ్యాపారులు డాలర్లు చెల్లించి కొనేది. మన దగ్గర కోళ్ళకు చల్లే నూకలు సెనెగల్‌లో ఇంటిల్లిపాదీ ఇష్టంగా తినే చేపల అన్నానికి వాడతారు. ఆ రుచి కూడా వారు మొదట కోరుకున్నది కాదు, ఫ్రెంచి పాలకులు ఇండోచైనా మిల్లుల్లో మిగిలిన నూకలను అక్కడికి తరలించి అలవాటు చేసినది. ఇవాళ ఆ దేశాలలో బియ్యం ధర కాకినాడలోనూ ఢిల్లీలోనూ జరిగే నిర్ణయాలను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది.

ప్రపంచ బియ్యం వ్యాపారంలో మన దేశానిదే సుమారు 40 శాతం. 2022 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నూకల ఎగుమతిని, 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వారమంతా మా గోదాములో కుట్టిన బస్తాలు కుట్టినట్టే ఉండిపోయాయి. అవతలి కొనుగోలుదారుల నుంచి రాత్రింబవళ్ళు ఫోన్లు వచ్చాయి. వారిలో ఒకరు ధర గురించి మాట్లాడనే లేదు, "మీ ప్రభుత్వ గోదాములు నిండుగా ఉన్నాయని మీ పత్రికలే రాస్తున్నాయి, మరి ఎందుకు ఆపారు?" అని మాత్రమే అడిగారు. ఎన్నికల ముందు ఇక్కడ బియ్యం ధర పెరగకూడదన్న జాగ్రత్త నాకు అర్థమవుతుంది, కానీ ఆగస్టు నాటికి అంతర్జాతీయ బియ్యం ధరల సూచీ పదిహేనేళ్ళలో ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. తెల్ల బియ్యంపై నిషేధం 2024 సెప్టెంబరులోనూ, నూకలపై నిషేధం 2025 మార్చిలోనూ తొలగిపోయాయి. ఒక దేశం ఇచ్చే సాయం కంటే ఆ దేశం తీసుకునే వ్యాపార నిర్ణయం పేదవాడి కంచాన్ని ఎక్కువగా తాకుతుందని నేను అప్పుడే గ్రహించాను.

సూడాన్ సంగతి దీనికి పూర్తిగా భిన్నమైనది. అక్కడ నైలు నీటితో 20 లక్షల ఎకరాలకు పైగా సాగయ్యే గెజీరా ఆయకట్టు ఉంది, ఆ దేశం ఎడారి మాత్రమే కాదు. 2023 ఏప్రిల్‌లో సైన్యానికీ పారామిలిటరీ దళానికీ మధ్య యుద్ధం మొదలై, అదే ఏడాది డిసెంబరుకు గెజీరాకు కూడా పాకింది. విత్తనం వేసే రైతు ఊరు విడిచిపోయాడు, మరలు దోపిడీకి గురయ్యాయి. సూడాన్ పశ్చిమాన డార్ఫర్‌లో, ఇళ్ళు విడిచి వచ్చినవారు తలదాచుకున్న జమ్‌జమ్ శిబిరంలో 2024 ఆగస్టులో నిపుణులు కరువును అధికారికంగా నిర్ధారించారు. సాయపు లారీలు రాకుండా దారులు మూసివేసినచోట ఎన్ని ఓడల బియ్యం తీరానికి చేరినా ఉపయోగం లేదు.

ఆ అమ్మాయికి మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ చెప్పవచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. తూర్పు తీరమంతా ఆ భయం వ్యాపించిన నెలల్లోనే, శత్రువు చేతికి చిక్కకూడదన్న నెపంతో బ్రిటిష్ ప్రభుత్వం బెంగాల్ తీర గ్రామాల పడవలను, ధాన్యాన్ని స్వాధీనం చేసుకుంది. మరుసటి ఏడాది, 1943లో, యుద్ధకాలపు ధరలు ఆకాశాన్నంటుతుండగా బెంగాల్‌లో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది కూలీలు, జాలరులు, పడవవాళ్ళు. ఆ ఏడాది పంట అంతగా తగ్గలేదని, కొనుక్కునే శక్తి పోయినవాళ్ళే చనిపోయారని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో లెక్కలతో చూపించారు. బియ్యం రాశి పక్కనే మనిషి ఆకలితో చనిపోగలడన్నది ఆ పిల్లలకు ముందుగా తెలియాలి.

జవాబు: విశ్రాంత వ్యవసాయాధికారి, సీతమ్మధార

అమ్మా, అమెరికా గోధుమల గురించి అడిగారు కనుక రాస్తున్నాను. ఆ రోజుల్లో నేను తిన్నవాణ్ణి, తరువాత వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసినవాణ్ణి.

1960లలో చోడవరం దగ్గర మా ఊరి ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్నం గంట కొట్టగానే అందరం అడ్డాకులు పట్టుకుని వరండాలో బారుగా కూర్చునేవాళ్ళం. పెద్ద మూకుడులో పసుపుపచ్చటి మొక్కజొన్న రవ్వతో ఉప్మా వండేవారు. అందులో కరివేపాకు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. పాలపొడిని వేడినీళ్ళలో కలిపి సత్తు గ్లాసుల్లో పోసేవారు. అది కొందరికి పడేది కాదు, అయినా ఎవరూ పారబోసేవారు కాదు. సంచుల మీదా నూనె డబ్బాల మీదా రెండు చేతులు కరచాలనం చేస్తున్న బొమ్మ ఉండేది. వానాకాలంలో ఆ ఖాళీ సంచినే ముసుగుగా వేసుకుని మా నాయన పొలానికి వెళ్ళేవాడు. ఉప్మా కోసమే బడికి వచ్చిన పిల్లలు మా తరగతిలో ఉన్నారు, వారిలో నేను ఒకణ్ణి. కాబట్టి ఆ సాయం వట్టి మోసమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కానీ దాని వెనక ఉన్న కథ కూడా తెలియాలి. అమెరికా ప్రభుత్వం తన రైతుల దగ్గర కొన్న గోధుమలు గోదాముల్లో పేరుకుపోయి, ఏం చేయాలో తోచని సమయంలో 1954లో పీఎల్-480 అనే చట్టం వచ్చింది. డాలర్లు లేని దేశాలు తమ సొంత డబ్బుతోనే ఆ ధాన్యం కొనుక్కోవచ్చని అందులో ఏర్పాటు చేశారు. మన దేశం 1956 ఆగస్టులో మొదటి ఒప్పందం కుదుర్చుకుంది. డాలర్ల ఖర్చు లేకుండా చవకగా గోధుమ దొరుకుతుండడంతో మన పాలకులు పెట్టుబడినంతా ఉక్కు మీద, యంత్రాల మీద పెట్టి వ్యవసాయాన్ని వెనక్కు నెట్టారన్నది నా అభిప్రాయం. ఊరికే వచ్చేదానికి మరిగితే కాలు కదపబుద్ధి కాదు.

1965లో వానలు మొహం చాటేశాయి. 1964-65లో సుమారు 8.9 కోట్ల టన్నులున్న తిండిగింజల ఉత్పత్తి మరుసటి ఏడాది 7.2 కోట్లకు పడిపోయింది. 1966లో మనం కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతి చేసుకున్నాం, అందులో అత్యధికం అమెరికాదే. ఓడ దిగిన గింజ నేరుగా నోట్లోకే పోయిన కాలం అది. సరిగ్గా అప్పుడే అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దీర్ఘకాలిక ఒప్పందాన్ని ఆపి, నెలకు ఇంతని చేతిలో పట్టుకుని విడుదల చేయడం మొదలుపెట్టారు. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్నది ఆయన పెట్టిన షరతు. వియత్నాం యుద్ధాన్ని మన దేశం విమర్శించడం ఆయన కోపానికి ఇంకో కారణం. అన్నం పెట్టే చెయ్యే పలుపు పట్టుకుంటే ఎలా ఉంటుందో ఒక దేశమంతా అనుభవించింది. ఆ అవమానం గుర్తున్నవారు ఇప్పుడు తగ్గిపోతున్నారు. బంగ్లాదేశ్‌ది ఇంకా దారుణం. 1974లో అక్కడ కరువు నడుస్తుండగా, క్యూబాకు గోనెసంచులు అమ్మారన్న కారణం చూపి అమెరికా ఆహార సాయాన్ని నిలిపివేసింది.

తిన్న గోధుమలు తినగానే అయిపోయాయి. మిగిలినవి వేరే ఉన్నాయి, టీచరు గారు పిల్లలకు వాటినే ఎక్కువగా చెప్పాలని నా విన్నపం. 1964 జూన్ 12న మన రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అమెరికా సాయంతోనే కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ఆచార్యులు ఇక్కడికి వచ్చి పనిచేశారు, మనవాళ్ళు అక్కడికి వెళ్ళి చదువుకున్నారు. నాకు పాఠం చెప్పిన గురువులలో అలా వెళ్ళివచ్చినవారు ఉన్నారు. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి రకం గోధుమ విత్తనం తెప్పించారు. అమెరికా శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ తయారు చేసిన ఆ రకాలను అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి సి. సుబ్రమణ్యం పట్టుబట్టి దింపించారు. అదే ఏడాది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్-8 అనే పొట్టి వరి రకాన్ని విడుదల చేసింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి చూపించి, దేశమంతటికీ దాని పేరుతోనే గుర్తుండిపోయారు. ఎరువుల సంగతికి వస్తే, మీ గాజువాక నుంచి నగరానికి వచ్చే దారిలో శ్రీహరిపురం దగ్గర కనిపించే కోరమాండల్ కర్మాగారం అమెరికా కంపెనీల భాగస్వామ్యంతో కట్టినదే, 1967లో ప్రారంభమైంది. మన రైతులు గ్రోమోర్ అని పిలిచే బస్తా అక్కడి నుంచి వచ్చిందే.

ఇంకొక్క మాట. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి రకం, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, రెండింటి వంశంలోనూ మలేసియా నుంచి వచ్చిన మసూరి ఉంది. ఆ మసూరి కూడా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపిన సంకర కార్యక్రమంలో పుట్టిందే. మన శాస్త్రవేత్తలు దాన్ని మన నేలకు అనువుగా మలిచారు. తరువాత స్వర్ణ సరిహద్దు దాటి బంగ్లాదేశ్, నేపాల్ పొలాలకు చేరింది, వరద ముంపును రెండు వారాల దాకా తట్టుకునే స్వర్ణ సబ్-1 గా 2009లో మళ్ళీ మన రైతు దగ్గరకే వచ్చింది. పుచ్చుకున్నది పెంచి పంచడమంటే నా దృష్టిలో ఇదే. దీన్ని ఏ దేశపు సాయపు పద్దులోనూ ఎవరూ రాసుకోలేదు.

1974 ఫిబ్రవరిలో లెక్కలు తేల్చుకున్నప్పుడు, ఇక్కడ పేరుకున్న రూపాయల బాకీలో 1,664 కోట్లను వదులుకుంటూ అమెరికా రాయబారి మొయినిహాన్ ఒకే చెక్కు రాసి ఇచ్చారు. 1965లోనే భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల సంఘం ఏర్పడి ఉండకపోతే, రైతుకు గిట్టుబాటు ధర, పేదకు చౌక ధర అనే రెండు చక్రాలు లేకపోతే ఆ బాకీ ఇంకా పెరిగేదే. పొలాల గట్ల మీద పెరిగే వయ్యారిభామ కలుపు కూడా ఆ గోధుమలతోనే వచ్చిందని మా కాలంలో అందరూ అనేవారు. 1950లలో పుణె దగ్గర దాన్ని గుర్తించిన మాట నిజం, గోధుమలతోనే వచ్చిందా అన్న విషయంలో వృక్షశాస్త్రజ్ఞులు ఏకాభిప్రాయానికి రాలేదు. అందుకని పిల్లలకు దాన్ని రుజువైన విషయంగా చెప్పవద్దు.

జవాబు: పోషకాహార కార్యకర్త, పాడేరు

వ్యవసాయాధికారి మాస్టారు రాసినది రెండుసార్లు చదివాను. చాలా నేర్చుకున్నాను. అయితే విత్తనం, విశ్వవిద్యాలయం ఇచ్చేదే అసలైన సాయమనీ, తిండి పంపడం రెండో తరగతి సాయమనీ పిల్లలకు అర్థమైతే ప్రమాదమని నా భయం.

మా దగ్గర ఒక టేపు ఉంటుంది. బిడ్డ మోచేతికి, భుజానికి మధ్య చుట్టి చూస్తాం. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులుంటాయి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు. మొన్న వర్షాల్లో కొండ మీది గూడెం నుంచి నడిచి వచ్చిన ఒక తల్లి బిడ్డ చేతికి టేపు చుడితే పసుపులో, ఎరుపు గీతకు ఒక గోరంత పైన ఆగింది. ఆ బిడ్డకు పది రోజులు గుడ్డు, పాలు, మందులు సమయానికి అందితే పసుపు ఆకుపచ్చ అవుతుంది, ఆలస్యమైతే ఎరుపు అవుతుంది. ఆ పది రోజుల్లో ఆ తల్లికి కొత్త వరి వంగడం గురించి చెప్పలేం కదా. సూడాన్‌లో, సోమాలియాలో ఎరుపు గీత కిందికి జారిన పిల్లలకు ఇచ్చే వేరుశనగ ముద్ద పొట్లం 92 గ్రాములుంటుంది, 500 కేలరీల శక్తినిస్తుంది. నీళ్ళు కలపనక్కర్లేదు, వండనక్కర్లేదు, తల్లి ఇంట్లోనే చింపి నాకించవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలు తింటే ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు. ఆ పొట్లాలు కొనేది విదేశీ సాయంతోనే.

ఇప్పుడు ఆ సాయమే కుంచించుకుపోతోంది. 1961లో మొదలై 2020లో నోబెల్ శాంతి బహుమతి పొందిన ప్రపంచ ఆహార కార్యక్రమానికి 2024లో సుమారు 980 కోట్ల డాలర్లు అందాయి. అందులో సగానికి దగ్గరగా అమెరికా ఒక్కటే ఇచ్చింది. 2025 జులై 1తో అమెరికా సాయపు సంస్థ యూఎస్ఎయిడ్ కార్యకలాపాలు ముగిశాయి, ఆ ఏడాది తమ రాబడి 40 శాతం తగ్గుతుందని ఆహార కార్యక్రమం ముందే ప్రకటించింది. రేషన్ తగ్గించడమంటే కాగితం మీద అంకె తగ్గడం కాదు, ఏ శిబిరంలో ఎవరి పేరు కొట్టివేయాలో ఒక మనిషి కూర్చుని నిర్ణయించడం. నాకు ఆ పని ఇస్తే చేయలేను.

సాయంలో లోపాలు లేవని నేను అనను. అమెరికా ఆహార సాయంలో కనీసం సగం ఆ దేశపు జెండా ఉన్న ఓడల్లోనే పోవాలని వారి చట్టం. ఆ దేశపు ప్రభుత్వ తనిఖీ సంస్థే 2007లో లెక్క చూసి, అత్యవసర ఆహార సాయం ఖర్చులో సుమారు 65 శాతం రవాణాకు, ఇతర ఖర్చులకు పోతోందని తేల్చింది. పక్క దేశంలో పండినదే కొని ఇస్తే, లేదా అంగడి నడుస్తున్నచోట డబ్బే చేతికిస్తే, అదే సొమ్ముతో ఇంకా ఎక్కువమంది తింటారు, అక్కడి రైతుకూ బేరం దొరుకుతుంది. హైతీలో దీనికి వ్యతిరేకంగా జరిగింది. దిగుమతి సుంకం తగ్గించాక రాయితీలతో పండిన అమెరికా బియ్యం వచ్చి పడి, అక్కడి వరి రైతులు చితికిపోయారు. తాను అమలు చేసిన ఆ విధానం పొరపాటని బిల్ క్లింటన్ 2010లో బహిరంగంగా ఒప్పుకున్నారు.

మన మన్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా అమ్మమ్మ కాలంలో కొండ మీద చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు కలిపి పండించేవారు, పొద్దున చోడి అంబలి తాగి పోడుకు వెళ్ళేవారు. ఇప్పుడు డిపో బియ్యం వచ్చాక ఆకలి చావుల భయం తగ్గింది, అది చిన్న మేలు కాదు. కానీ మూడు పూటలా తెల్లన్నమే అయిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని, మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పొట్ట నిండడం వేరు, ఒంటికి పట్టడం వేరు. టీచరు గారూ, మీ 900 గ్రాముల లెక్కలో ఈ తేడా కనబడదు.

జవాబు: ఏయూ విద్యార్థి

అందరి జవాబులూ చదివాక నాకు ఒక సందేహం మిగిలింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మన రాష్ట్రంలోనే ఇంతమంది తల్లులకు రక్తం లేనప్పుడు కాకినాడ నుంచి ఆఫ్రికాకు బియ్యం అమ్ముకోవడం న్యాయమా? ఎగుమతిని శాశ్వతంగా ఆపి ఆ బియ్యాన్ని ఇక్కడే పంచవచ్చు కదా?

జవాబు: బియ్యం లెక్కలు, ఎంవీపీ కాలనీ

బాబూ, మీ ఆవేదన సరైనదే, మందు మాత్రం అది కాదు. 2024-25లో మన దేశంలో సుమారు 15 కోట్ల టన్నుల బియ్యం పండింది, ఎగుమతి అయినది సుమారు 2 కోట్ల టన్నులు. 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల చొప్పున సుమారు 81 కోట్ల మందికి ఉచితంగా ఇస్తున్నారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం మన రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టిన నాటి నుంచి చూస్తే ఇది చాలా దూరం వచ్చిన ప్రయాణం. ఇప్పుడు ఆ బియ్యాన్నే కొన్ని కుటుంబాలు కిలోకు పది, పన్నెండు రూపాయలకు దళారులకు అమ్ముకుంటున్నాయి. ఇంకో 5 కిలోలు ఇస్తే అవీ అదే దారిలో పోతాయి. పాడేరు అమ్మ చెప్పిన బిడ్డకు కావలసింది గుడ్డు, పప్పు, ఆకుకూర. ఎగుమతి ఆపితే గోదావరి జిల్లాల రైతుకు ధర పడిపోతుంది, బెనిన్‌లో కూలివాడికి ధర పెరుగుతుంది, మన్యంలో తల్లికి రక్తం మాత్రం పెరగదు. ఇంకో 5 కిలోల బియ్యానికి అయ్యే డబ్బుతో ప్రభుత్వం చోళ్ళు, కందులు గిట్టుబాటు ధరకు కొని డిపోలో ఇవ్వాలని అడగండి, మీతో పాటు నేనూ వస్తాను.

టీచరు గారి మాట: గాజువాక సోషల్ టీచర్

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ నా నమస్కారాలు. మాస్టారి ఉప్మా సంగతి తరగతిలో చదివి వినిపించాను. మా బడిలో పెట్టే మధ్యాహ్న భోజనంతో పోల్చుకుని పిల్లలు చాలాసేపు మాట్లాడుకున్నారు. పాడేరు అమ్మ చెప్పిన టేపు కొలతను అట్టముక్క మీద గీసి కత్తిరించి, 11.5 సెంటీమీటర్లు ఎంత చిన్న చుట్టో అందరికీ చూపించాను. చుట్టిన అట్టలో తమ బొటనవేలూ చూపుడువేలూ దూర్చి చూసుకున్నారు. ఆ తరువాత కాసేపు తరగతిలో ఎవరూ మాట్లాడలేదు.

పోటీ అంశాన్ని మార్చాను. "ఆకలి వచ్చినప్పుడు ఏమి పంపాలి, ఆకలి రాకుండా ఏమి పంపాలి" అని పెట్టాను. ప్రశ్న అడిగిన అమ్మాయి పేరు ఇచ్చింది. నిన్న వాళ్ళ నాన్న దగ్గర నుంచి ఒక ఖాళీ బియ్యం సంచి కూడా తెచ్చింది. బియ్యం లెక్కలు గారూ, దాని మీద 25 శాతం అని, పక్కన ఫ్రెంచిలో ఏదో ఉంది. దాని అర్థమేమిటో, ఖాళీ సంచి లారీలో ఎందుకుందో చెప్పమంటోంది.

జవాబు: బియ్యం లెక్కలు, ఎంవీపీ కాలనీ

అందులో 25 శాతం నూక కలిసిందని అర్థం. నూకను ఫ్రెంచిలో బ్రిజూర్ అంటారు. నూక ఎంత ఎక్కువ కలిస్తే ధర అంత తగ్గుతుంది, అందుకే పేద దేశాల కొనుగోలుదారులు ఆ రకం అడుగుతారు. దారిలోనో ఓడలోకి ఎక్కించేటప్పుడో బస్తా చిరిగితే ఒలికిన బియ్యాన్ని ఎత్తి మళ్ళీ నింపడానికి సరుకుతో పాటు కొన్ని ఖాళీ సంచులు పంపుతాం. వాళ్ళ నాన్నగారి లారీలో ఉన్నది అలాంటిదే.